జౌగడ రాతిమీద వేట నిషేధాన్ని చదివే పద్ధతి

బరంపురం నుంచి పురుషోత్తంపురం వైపు వెళ్లి, ఋషికుల్యా నది దగ్గర అశోకుడి శాసనాలు చెక్కిన రాయి ఉన్న జౌగడను చూసే మన తెలుగువారిలో చాలామంది, అశోకుడు రాజ్యమంతటా వేటను మాన్పించాడని ముందే నిశ్చయించుకొని ఉంటారు. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి, రాజాజ్ఞ ఎవరిని కట్టడి చేసింది, దేనిని చంపవద్దన్నది, తప్పినవారికి ఏ దండన చెప్పింది అని అడుగుతూ శాసనాన్ని చదవాలి.

అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలలో ఇక్కడ 1 నుంచి 10 వరకు, ఆపైన 14వ శాసనం, కళింగకు ప్రత్యేకించిన మరి రెండు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. రాయి పెచ్చులూడి అక్షరాలు పోయినచోట భువనేశ్వర్ దగ్గరి ధౌలి రాతిమీద ఉన్న ఇవే శాసనాల పాఠంతో పూరించుకోవాలి కనుక, అచ్చుప్రతి వెంట లేకుండా వెళ్లడం దండగ.

మొదటి శాసనంలో జంతుబలిని వద్దన్న రాజు, వెంటనే తన వంటశాల సంగతి చెప్పాడు. పూర్వం కూరకోసం రోజూ లక్షల ప్రాణులు చచ్చేవనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేననీ, ఆ జింకైనా నిత్యం కాదనీ, ఇకపై ఈ మూడింటినీ చంపరనీ అందులో ఉంది. పట్టాభిషేకమైన పదేళ్లకు వేటతో కూడిన విహారయాత్రలు మాని ధర్మయాత్రలకు బయలుదేరానని 8వ శాసనం అంటుంది. వేట విషయంలో ఈ రెండూ కట్టడి చేసింది రాజునే. అడవిలో ఉచ్చు పన్నినవాడికి శిక్ష వీటిలో లేదు.

ప్రజలకు వర్తించే నిషేధం కోసం ఉత్తరాది స్తంభాలపై ఉన్న 5వ స్తంభశాసనాన్ని చూడాలి. చిలుక, గోరువంక, గబ్బిలం వంటి ప్రాణులను అది పేరుపేరునా కాపాడుతుంది. కొన్ని తిథులలో చేపలను చంపరాదనీ అమ్మరాదనీ, ఆ రోజుల్లోనే ఏనుగుల అడవుల్లో మరే ప్రాణినీ చంపరాదనీ, నిష్కారణంగా అడవిని తగలబెట్టరాదనీ ఆదేశిస్తుంది. జరిమానా మాత్రం అందులోనూ కనబడదు.

దండన లెక్క కౌటిల్యుడిదిగా చెప్పే రాజనీతి గ్రంథం అర్థశాస్త్రంలో దొరుకుతుంది. అభయవనంలోని, అంటే ప్రాణులకు రక్షణ ప్రకటించిన అడవిలోని మృగాన్నో పక్షినో చేపనో చంపినా బంధించినా అత్యధిక దండన, అంటే ఉత్తమ సాహసదండం వేయాలని సూనాధ్యక్షుడి (పశువధశాలల అధికారి) అధ్యాయం చెబుతుంది. అయితే ఆ గ్రంథం కాలంపై పండితులకు ఏకాభిప్రాయం లేనందున, ఆ దండన జౌగడలో అమలైందని రాయకూడదు. ఇక్కడి ప్రత్యేక శాసనాలు సమాపా అనే ఇక్కడి పాత పట్టణంలోని మహామాత్రులకు (ఉన్నతాధికారులకు) చెప్పేది న్యాయపాలన గురించీ సరిహద్దు జనాల గురించే తప్ప వేట గురించి కాదు. గంజాం జిల్లాలోనే భేట్నాయి ప్రాంతపు ఊళ్లవారు కృష్ణజింకలను శుభమని నమ్మి కాపాడే ఆచారాన్ని కూడా, ఎంత ఆకర్షణీయంగా తోచినా, ఈ రాతికి ముడిపెట్టకండి.