కెమెరాపైనుండే వైర్‌లెస్ మైక్ రిసీవర్‌కు పారేసే సెల్స్ లేకుండా పవర్ ఇవ్వడం

కాలర్ మైకు ట్రాన్స్‌మిటర్ మాట్లాడే మనిషి నడుముకు ఉంటుంది కాబట్టి దానికి సెల్స్ తప్పవు. రిసీవర్ సంగతి వేరు. అది కెమెరాకే బిగించి ఉంటుంది, పక్కనే పెద్ద బ్యాటరీ పెట్టుకునే వీలుంటుంది. అయినా తెల్లవారుజాము ముహూర్తం దాకా సాగే పెళ్ళి చిత్రీకరణలో చాలామంది దానికి కూడా జతలు జతలుగా ఆల్కలైన్ సెల్స్ మార్చి పారేస్తున్నారు. సెన్‌హైజర్ ఈకే 100 లాగా రెండు పెన్సిల్ (ఏఏ) సెల్స్ పట్టే రిసీవర్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్స్ వాడి చూడండి. చాలామందికి ఇవే సరిపోతాయి. జత కలిపి 2.4 వోల్టులే గదా అన్న సందేహం అక్కర్లేదు. ఆల్కలైన్ జత 3 వోల్టులతో మొదలై వాడేకొద్దీ దిగిపోతూ ఉంటుంది, ఇవి మాత్రం దాదాపు చివరిదాకా ఒకే స్థాయిలో నిలబడతాయి. సెన్‌హైజర్ స్వయంగా అమ్మే బీఏ 2015 ప్యాక్ కూడా 2.4 వోల్టుల నికెల్ ప్యాకే. ఎనెలూప్ వంటి, ఊరికే ఉంచినా ఛార్జి అంతగా దిగని రకం కొని, జతలకు గుర్తులు వేసి, ఏ జతను ఆ జతగానే వాడండి. మెనూలో బ్యాటరీ రకం ఎంచుకునే వీలున్న రిసీవర్లలో దాన్ని మార్చకపోతే మీటరు తప్పు చూపిస్తుంది. 1.5 వోల్టుల లిథియం రీఛార్జబుల్ సెల్స్‌ను నేను సిఫారసు చేయను. లోపలి సర్క్యూట్ చివరిదాకా 1.5 వోల్టులే ఇవ్వడంతో మీటరు నిండుగా చూపిస్తూనే ఉండగా రిసీవర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది.

సోనీ యూడబ్ల్యూపీ-డి శ్రేణి రిసీవర్లకు యూఎస్‌బీ ద్వారా 5 వోల్టులు ఇస్తే చాలు. అయితే తక్కువ కరెంటు తీసుకునే పరికరం ఉన్నప్పుడు కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి, ముందే గంటసేపు నడిపి చూడాలి.

యూఎస్‌బీ లేని రిసీవర్‌కు డమ్మీ సెల్స్, అంటే బయటి బ్యాటరీ పవర్‌ను లోపలికి చేర్చే సెల్ ఆకారపు ముక్కలు, చేసుకోవాలి. 14.5 మిల్లీమీటర్ల మందం గల గుండ్రటి కర్రను, చివర బిగించే ఇత్తడి స్క్రూ తలతో కలిపి 50 మిల్లీమీటర్ల పైచిలుకు పొడవుండేలా కోసి, రెండు ముక్కలు సిద్ధం చేయండి. సెల్స్ గదిలో ఒక వైపు రెండు కాంటాక్టులను కలిపే రేకు ఉంటుంది, అటు వైర్లు అక్కర్లేదు. రెండో వైపున్న ప్లస్, మైనస్ కాంటాక్టులకు తగిలే స్క్రూలకే వైర్లు సోల్డర్ చేయాలి. ఆ వైర్లకు పవర్ ఇచ్చే ఎన్‌పీ-ఎఫ్ బ్యాటరీ (సోనీ వీడియో కెమెరాల రకం లిథియం బ్యాటరీ) నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు ఇస్తుంది కనుక మధ్యలో వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్, బ్యాటరీ వైపు చిన్న ఫ్యూజు తప్పనిసరి. రిసీవర్‌కు తగిలించకముందే మల్టీమీటర్ పెట్టి అవుట్‌పుట్‌ను 3 వోల్టులకు తిప్పి, ప్లస్ మైనస్‌లు సరిచూసి, కన్వర్టర్ మీది సర్దుబాటు స్క్రూ కదలకుండా ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి. బ్యాగులో రాపిడికి ఆ స్క్రూ కాస్త తిరిగినా రిసీవర్ కాలిపోవచ్చు.

అసలు జాగ్రత్త శబ్దం దగ్గర కావాలి. బక్ కన్వర్టర్ వేగంగా స్విచ్ అవుతూ రేడియో రొద పుట్టిస్తుంది, యాంటెన్నా పక్కనే ఉంటే మైకు రేంజి తగ్గిపోతుంది. ట్రాన్స్‌మిటర్ ఆపేసి, రిసీవర్ తెరపై ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్ బలం) గీతలు చూడండి. సెల్స్‌తో నడిపినప్పటికంటే కన్వర్టర్‌తో నడిపినప్పుడు ఎక్కువ కనిపిస్తే రొద లోపలికి వస్తున్నట్టే. కన్వర్టర్‌ను దూరంగా జరిపి, వైరును రేడియో రొదను అడ్డుకునే ఫెరైట్ క్లిప్‌లో మూడు నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ చూడండి. కెమెరాకూ రిసీవర్‌కూ ఒకే బ్యాటరీ నుంచి పవర్ ఇస్తే, ఆడియో కేబుల్ గుండా గ్రౌండ్ లూప్ (మైనస్ వైర్లు రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే వలయం) ఏర్పడి హెడ్‌ఫోన్‌లో గుయ్యిమనే శబ్దం వినిపించవచ్చు; రిసీవర్‌కు వేరుగా ఒక చిన్న ఎన్‌పీ-ఎఫ్ కేటాయిస్తే ఆ శబ్దం పోతుంది.