ఎండాకాలంలో కర్పూరం మాయం కాకుండా

మా హన్మకొండలో మే నెల వచ్చిందంటే దేవుని అర్రలో పెట్టిన కర్పూరం ప్యాకెట్ విప్పకముందే సగమైపోతుంది, బిళ్లలు శనగగింజంత అవుతాయి. కర్పూరం కరగదు, గట్టిగా ఉన్నది ఉన్నట్టే ఆవిరైపోతుంది, వేడి పెరిగితే ఇంకా తొందరగా.

అందుకే ఇప్పుడు ప్యాకెట్ తేగానే చిన్న గాజు సీసాలో మూతి దాకా నింపి, మూత కింద పాలిథిన్ కవర్ ముక్క వేసి బిగించి, వంటింటి గోడకు దూరంగా కింది అరలో పెడుతున్నాను. సీసాలో ఖాళీ ఎంత తక్కువుంటే అంత మంచిది, సగానికి వస్తే ఇంకా చిన్న సీసాలోకి మార్చండి. రోజువారీ హారతికి 10 బిళ్లలు ఒకేసారి వేరే డబ్బీలో తీసుకుంటే వారం దాకా ఈ సీసా జోలికి పోనక్కర్లేదు. సీసా పైభాగంలో లోపల తెల్లగా మెరిసే పొడి అంటుకుంటే పారేయకండి, అదీ కర్పూరమే, గీకి హారతికి వాడుకోవచ్చు.

మూత ఏమాత్రం వదులైనా ఇది పని చేయదు. డాంబర్ గోలీలతో మాత్రం కలిపి పెట్టొద్దు, రెండూ కలిస్తే మెత్తబడి జిగటగా నీరుకారుతాయి.