పాత స్టీలు సైకిల్‌కి విడిభాగాలు ఎలా ఎంచుకోవాలి, ఎలా మార్చాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా మామయ్య నల్ల సైకిల్ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. "పాత ఇనప సామాన్లవాడికి వేసేయరా" అన్నాడాయన. మనసొప్పక నేనే తెచ్చుకున్నాను. ఫ్రేము గట్టిది, దాని చుట్టూ ఉన్నవే పోయాయి. ఒక్కొక్కటీ మారుస్తూ వచ్చాను. దండగైన డబ్బంతా ఒకే తప్పు వల్ల దండగైంది: కొలవకుండా కొనడం. దానికి గుర్తుగా రెండు టైర్లు ఇంకా మా అటక మీదే ఉన్నాయి.

ముందు ఫ్రేము సంగతి తేల్చుకోండి. అది పోతే మిగతా ఖర్చంతా బూడిదలో పోసినట్టే. సీటు రాడ్డు పీకి సైకిల్‌ని తలకిందులు చేయండి, లోపల నీళ్లుంటే కారిపోతాయి (మా దాంట్లోంచి బురద కారింది). హ్యాండిల్ గొట్టానికి వెనకగా, కింది గొట్టం అడుగున వేలితో తడమండి. రంగు ముడతపడి ఉంటే ఆ బండి ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దిందన్నమాట. తర్వాత దారం పరీక్ష. వెనక చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే ఒక చెవికి దారం కట్టి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి, రెండో చెవికి బిగించండి. దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరం రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకి కంగారు పడక్కర్లేదు. అంతకు మించితే తెలిసిన పనివాడు వంచి సరిచేస్తాడు. స్టీలు కాబట్టే ఆ వీలు, అల్యూమినియం ఫ్రేముతో ఆ పని చేయకండి. అతుకు దగ్గర చిట్లినా ఆటోనగర్‌లో ఇత్తడి వెల్డింగు చేసేవాళ్లున్నారు.

ఇక టైర్లు. నేను బోల్తా పడింది ఇక్కడే. నల్ల సైకిల్ టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. కొత్త రకం సైకిళ్లకి వచ్చే 700సీ అనే కొలత టైరు మీద కూడా చాలాసార్లు 28 అనే ఉంటుంది. రెండూ ఒకటే అనుకున్నాను. టైరు రిమ్ము మీద కూర్చునే వ్యాసం మొదటిదానికి 635 మి.మీ., రెండోదానికి 622. ఎంత లాగినా ఎక్కదు. 26 అంగుళాలవైతే మరీ గందరగోళం: 26 × 1⅜ అంటే 590, 26 × 1.95 అంటే 559. అందుకని అంగుళాలు వదిలేసి, టైరు పక్కన చిన్నగా 40-635 అని ఉండే అంకె చూడండి. చివరి మూడంకెలూ పాత టైరు మీదవాటితో కలిస్తేనే డబ్బు తీయండి. రిమ్ము కూడా మార్చేట్టయితే పుల్లల రంధ్రాలు లెక్కపెట్టుకోండి. ఈ పాత బండ్లకి ముందు 32, వెనక 40 తరచూ కనిపిస్తాయి.

"622 రిమ్ములే వేసేస్తే పోలా?" అంటారు కుర్రాళ్లు. వేయొచ్చు, కానీ పాత బండికుండే రాడ్ బ్రేకు (వైరుకి బదులు కడ్డీలతో పనిచేసేది) కట్టలు రిమ్ము లోపలి వైపు నొక్కుతాయి, కొత్త రిమ్ములకి పక్కల నుంచి పట్టే బ్రేకు కావాలి. అంటే బ్రేకులు, లివర్లు, వైర్లు అన్నీ మారాలి. పైగా బ్రేకు కట్ట ఆరున్నర మిల్లీమీటర్లు కిందికి అందాలి. 32 మి.మీ. టైరు వేస్తే పెడల్ కూడా నేలకి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు దగ్గరవుతుంది, మన స్పీడు బ్రేకర్ల మీద అది చిన్న విషయం కాదు. నేనైతే 635తోనే ఉండిపోయాను. తడిసిన స్టీలు రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుందనేది మాత్రం నిజం, వానలో ప్రకాశం బ్యారేజీ మీద కాస్త ముందుగానే పట్టుకుంటాను.

అసలు కష్టం కాటర్ పిన్నుది, అంటే క్రాంకుని (పెడల్ ఉండే కడ్డీని) మధ్య ఇరుసుకి బిగించే పిన్నుది. పిన్ను చుట్టూ కిరసనాయిలో, డీజిలో పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున నట్టుని పిన్ను కొసతో సమంగా వచ్చేదాకా వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు, లేదంటే మర నలిగిపోతుంది. పిన్ను తల దూరేంత ఇనప గొట్టం ముక్క నేల మీద నిలబెట్టి, క్రాంకు దాని మీద ఆనేలా పెట్టండి. అప్పుడు బరువైన సుత్తితో ఒక్కటే గట్టి దెబ్బ. కింద ఆనింపు లేకుండా చిన్నచిన్నగా కొడుతూ కూర్చుంటే ఆ దెబ్బలన్నీ లోపలి బేరింగు గోళీలకి తగులుతాయి. కొత్త పిన్నుకి పాతదాన్ని వెంట తీసుకెళ్లండి, 9 మి.మీ., 9.5 మి.మీ. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బిగించేటప్పుడు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురుదిక్కుగా ఉండాలి, లేకపోతే పెడళ్లు ఒకే గీతలో ఉండవు. ముందు సుత్తితో దిగ్గొట్టి, ఆ తర్వాతే నట్టు బిగించండి. ఇరవై కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి బిగించాలి.

క్రాంకు ఊడిందంటే గోళీలు కూడా మార్చేయండి, పావు అంగుళానివి సాధారణంగా ఒక్కో వైపు 11. గోళీలు కూర్చునే కుడివైపు కప్పుకి ఉల్టా థ్రెడ్డు ఉంటుంది. గుంటలు పడకపోతే దాని జోలికి వెళ్లకుండా అక్కడే తుడిచి గ్రీజు పెట్టండి. ఎడమ పెడల్ కూడా ఉల్టాయే.

చైను అరుగుదల చూడ్డానికి స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే 12 అంగుళాల దగ్గర మళ్లీ పిన్ను మధ్యే రావాలి. 1/16 అంగుళం దాటితే చైను మార్చండి, 1/8 దాటితే ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రం) కూడా. మామయ్య బండికి ముందు 44 పళ్లు, వెనక 18. పెడల్ ఒక చుట్టుకి ఐదున్నర మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద హాయి, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేసరికి మోకాళ్లు మొరపెడతాయి. నేను 20 వేశాను, 22 అయితే ఇంకా బాగుండేది. నాలుగు పళ్లు పెరిగితే చైను సుమారు అంగుళం పొడవు కావాలి. ఒక్క జాగ్రత్త: చక్రం పుల్లలు విప్పాలనుకుంటే ఫ్రీవీల్ ముందే తీసేయండి. విప్పాక దాన్ని తిప్పడానికి పట్టు దొరకదు.

తోటివాళ్లతో భాగాలు మార్చుకునేటప్పుడు "నా దానికి సరిగ్గా సరిపోయింది" అన్న మాట నమ్మకండి. వెర్నియర్ (సన్న కొలతలు తీసే సాధనం) పెట్టి తీసిన ఫోటో అడగండి. సీటు రాడ్డు కొలతలు 0.2 మి.మీ. తేడాతో మారతాయి, వదులుగా ఉన్నదాన్ని బిగిస్తే సీటు రాడ్డుని పట్టుకునే ఫ్రేము చెవులే వంగుతాయి. అల్యూమినియం అని చెప్పి ఇస్తే జేబులోంచి అయస్కాంతం తీసి పెట్టి చూడండి, మొహమాటం అక్కర్లేదు.

అన్నట్టు, అటక మీది టైర్లు 32-622, ఇంకా రోడ్డు ఎక్కనివి. మీ దగ్గర 22 పళ్ల ఫ్రీవీల్ ఉంటే చెప్పండి, మార్చుకుందాం.