గోదావరి డెల్టా కథ కోసం మహాకాయ యుద్ధ రోబోను రూపొందించడం ఎలా?

లోపల మనిషి కూర్చుని నడిపే మహాకాయ యుద్ధ రోబోను సృష్టించదలచిన రచయితలూ చిత్రకారులూ సాధారణంగా ముందు దాని ముఖం గీస్తారు, తరువాత ఆయుధాలు అమరుస్తారు, కాళ్ల సంగతి చివరికి వదిలేస్తారు. కథ అంతరిక్షంలోనో రాతినేల మీదనో జరిగితే ఆ వరుస చెల్లుతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయల నడుమ పరుచుకున్న ఒండ్రు నేల మీద జరిగే కథకు మాత్రం అరికాలి నుంచి పైకి రావాలి. ఈ నేల ఎంత మోస్తుందో తేలనిదే యంత్రం ఎత్తు, బరువు, నడక, చివరకు యుద్ధం జరిగే తీరు కూడా తేలవు.

1. ముందు ఈ యంత్రాల పరంపరను తెలుసుకోండి

జూల్ వెర్న్ 1880లో వెలువరించిన ఒక నవలలో ఆవిరి ఇంజనుతో కదిలే ఉక్కు ఏనుగు చక్రాల ఇళ్లను లాగుకుంటూ మన దేశపు దారుల వెంట సాగుతుంది. అది యుద్ధయంత్రం కాకపోయినా, ఈ ఊహకు తొలినాళ్లలోనే భారతదేశం రంగస్థలమైందన్న సంగతి తెలుగు రచయితకు ధైర్యమిస్తుంది. హెచ్.జి. వెల్స్ 1898 నాటి నవలలో అంగారకవాసులు మూడు కాళ్ల యంత్రాలెక్కి ఇంగ్లండు మీద విరుచుకుపడతారు. జపానులో మిత్సుతెరు యోకోయామా 1956లో ప్రారంభించిన బొమ్మల కథలో ఒక బాలుడు మహా రోబోను దూరం నుంచే రిమోట్‌తో నడుపుతాడు. కాబట్టి ఆ రిమోట్ ఎవరి చేతికి చిక్కితే యంత్రం వారి మాటే వింటుంది. గో నగాయ్ 1972లో ‘మాజింగర్ జెడ్’ అనే బొమ్మల కథను సృష్టించి నడిపేవాణ్ణి ఏకంగా రోబో తలలోకి ఎక్కించాడు. యోషియుకి తొమినో దర్శకత్వంలో 1979లో వచ్చిన ‘మొబైల్ సూట్ గన్‌డమ్’ అనే టీవీ యానిమేషన్ ధారావాహిక రోబోను సైన్యం వాడే సామగ్రిగా మార్చింది: అది కర్మాగారంలో తయారవుతుంది, దాని తూటాలు అయిపోతాయి, దెబ్బతింటే మరమ్మతు చేయవలసి వస్తుంది. 1995 నాటి ‘ఎవాంజెలియన్’ ధారావాహికలో యంత్రం వెన్నుకు తగిలించిన కరెంటు తీగ ఊడిపోతే లోపలి బ్యాటరీ ఐదు నిమిషాలకు మించి పనిచేయదు.

ఈ వరుసను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. కాలం గడిచేకొద్దీ యంత్రానికి ఒక్కొక్క హద్దు ఏర్పడుతూ వచ్చింది, కథలకు బిగువు ఆ హద్దుల వల్లనే వచ్చింది. మీ యంత్రానికి డెల్టా ఏ హద్దులు పెడుతుందో వెతకడమే మీ మొదటి పని.

2. బరువు లెక్క వేయండి

ఈ లెక్కకు పదో తరగతి గణితం చాలు. 1.8 మీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉన్న మనిషి నడిచేటప్పుడు ఆ బరువంతా ఒక క్షణం ఒకే పాదం మీద పడుతుంది. పాదం వైశాల్యం 250 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 0.28 కిలోల ఒత్తిడి. ఇప్పుడు ఆ మనిషిని అన్ని దిశలలోనూ పది రెట్లు పెంచండి. ఎత్తు 18 మీటర్లవుతుంది. మాజింగర్‌కూ గన్‌డమ్‌కూ వాటి సృష్టికర్తలు ఇచ్చిన ఎత్తు అదే. అయితే పాదం వైశాల్యం వంద రెట్లు పెరిగితే బరువు వెయ్యి రెట్లు పెరుగుతుంది. 25,000 చదరపు సెంటీమీటర్ల పాదం మీద 70 టన్నులు, అంటే చదరపు సెంటీమీటరుకు 2.8 కిలోలు. గెలీలియో 1638లోనే ఈ సూత్రాన్ని జంతువుల ఎముకలకు అన్వయించి వివరించాడు.

తడిసిన మెత్తని బంకమట్టి సాధారణంగా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువును కూడా భద్రంగా మోయలేదు. కాబట్టి మనిషిని యథాతథంగా పెంచి గీసిన రోబో వరిచేలో మొదటి అడుగుకే దిగబడిపోతుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఎత్తును 6 మీటర్లకు తగ్గిస్తే, మనిషి శరీర సాంద్రతతోనే బరువు సుమారు 2.6 టన్నులకూ ఒత్తిడి 0.93 కిలోలకూ దిగుతుంది, అయినా అది నేల మోయగల హద్దుకు దగ్గరగానే ఉంటుంది. 18 మీటర్ల ఎత్తే కావాలంటే పాదాన్ని వెడల్పు చేయాలి. 70 టన్నులను 0.5 కిలోల ఒత్తిడితో మోయించాలంటే ఒక్కొక్క పాదం 14 చదరపు మీటర్లు, అంటే 5 మీటర్ల పొడవు, 2.8 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత పెద్ద పాదాలు ఒకదానికొకటి తగలకుండా కాళ్లు ఎడంగా పెట్టి నడవాలి, అప్పుడు నడక నెమ్మదిస్తుంది. నా అభిప్రాయంలో ఈ రెండవ మార్గమే కథకు ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే నెమ్మదిగా కదిలే మహాకాయం శత్రువుకు ముందే కనబడుతుంది, దాన్ని కాపాడడానికి చుట్టూ మనుషులు అవసరమవుతారు.

3. పాదాన్ని పొలంలో చూసి గీయండి

సార్వా దమ్ము (వానాకాలపు వరికి చేను బురదగా దున్నడం) జరుగుతున్నప్పుడు ఏదైనా చేలో గట్టు మీద నిలబడి చూడండి. ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రాలు తగిలిస్తారు. వాటి పట్టీల సందుల్లోంచి బురద జారిపోతూ ఉండడం వల్ల చక్రం బిగుసుకోకుండా తిరుగుతుంది. కోతల వేళ చేలు తడిగా ఉంటే టైర్ల యంత్రానికి బదులు చైన్ మిషన్‌ను పిలిపిస్తారు, ఎందుకంటే దాని బరువు పొడవాటి పట్టా అంతటా పంచబడుతుంది. మీ రోబో పాదానికి కావలసిన రెండు ఉపాయాలూ ఇక్కడే ఉన్నాయి.

మూడవది ఇంకా ముఖ్యమైనది. బురదలో దిగిన కాలిని పైకి తీయడమే అసలు కష్టం, ఎందుకంటే పాదం కిందికి గాలి చేరక బురద దాన్ని పట్టి ఉంచుతుంది. ఊడ్పులు వేసేవారు కాలిని నిటారుగా లాగరు. మడమ కాస్త లేపి, పాదాన్ని పక్కకు వాల్చి, గాలికి దారి ఇచ్చి తీస్తారు. గేదె గిట్ట నేల మీద ఆనినప్పుడు రెండుగా విచ్చుకుంటుంది, ఎత్తినప్పుడు దగ్గరపడుతుంది. మీ యంత్రపు పాదానికి విచ్చుకునే వేళ్లు పెట్టండి, మడమలోంచి గాలిని కిందికి పంపే గొట్టం పెట్టండి. ఆ గొట్టంలో మట్టి పూడుకుపోయిన క్షణమే మీ పోరాట దృశ్యానికి కీలకం కావచ్చు.

4. నీటినీ గట్లనూ కథలోకి తెచ్చుకోండి

డెల్టాలో చాలా దారులు కాలువ గట్ల వెంటే సాగుతాయి. డెబ్బై టన్నుల యంత్రం గట్టు అంచున అడుగు వేస్తే గట్టు తెగుతుంది, దాని వెనుక ఉన్న చేలు మునుగుతాయి. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు మీద కాలువే వైనతేయ పాయను దాటుతుంది. అటువంటి కట్టడాన్ని కాపాడుతూ పోరాడవలసి రావడం ఏ క్షిపణి కంటే పెద్ద చిక్కు. రోబో గెలిచిన మరునాడు తొక్కుడు పడిన చేను ఎవరిదో, ఆ రైతుకు ఏమి మిగిలిందో రాయని యుద్ధకథ ఈ ప్రాంతానికి న్యాయం చేయదని నేను గట్టిగా నమ్ముతాను.

కథాకాలాన్ని వరద మట్టంతో కొలవండి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఈ మూడింటినీ మూడు అధ్యాయాలుగా మలచుకుంటే, మొదటి అధ్యాయంలో నడవగలిగిన లంక భూములు మూడవ అధ్యాయానికి నది అయిపోతాయి.

దాక్కోవడానికి కొబ్బరితోటలున్నాయి. దేశవాళీ కొబ్బరిచెట్టు 20 మీటర్లు దాటి పెరుగుతుంది కనుక 18 మీటర్ల యంత్రాన్ని మట్టలు కప్పేస్తాయి, కానీ లోపలివారి చూపును కూడా అవే మట్టలు అడ్డుకుంటాయి.

5. ఇంధనం, తుప్పు

ఇక్కడ ఎక్కువ రాయనవసరం లేదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సహజవాయువు ఉంది కాబట్టి గ్యాసుతో నడిచే ఇంజను నమ్మదగినదిగా ఉంటుంది. ఉప్పుగాలికి కీళ్లు తుప్పు పడతాయి; గ్రీజు పూసే మనిషి ఒకరు కథలో తప్పక ఉండాలి.

6. నడిపే మనిషిని ఎన్నుకోండి

నడిచేటప్పుడు మన తల నాలుగైదు సెంటీమీటర్లు పైకీ కిందికీ ఊగుతుంది. పది రెట్ల యంత్రంలో అది దాదాపు అర మీటరు. తలలో కూర్చున్న మనిషికి కాసేపటికే కడుపులో తిప్పుతుంది. గన్‌డమ్‌లో నడిపేవారి గది పొట్ట భాగంలో ఉంటుంది, మీరూ అక్కడే పెట్టండి.

ఆ గదిలో కూర్చునేది సైనికుడే కానక్కరలేదు. పొక్లెయిన్ నడిపే ఆపరేటరుకు మట్టి బరువు చేతికి తెలుస్తుంది; లాంచీ నడిపే సరంగుకు నీటి రంగును బట్టి లోతు తెలుస్తుంది. ఒకరిని లోపల, మరొకరిని నేల మీద ఉంచి వైర్‌లెస్‌లో మాట్లాడించండి. “ఎడం కాలు ఇంకా దిగిపోతందండి, ముందు మడమ లేపండి” అని కుర్రవాడు కింద నుంచి చెబితే, లోపలి పెద్దాయన “ఆయ్, లేపుతున్నాను, నువ్వు పక్కకి తప్పుకో బాబూ” అంటాడు. ఇటువంటి మాటలు సైనిక పరిభాష కంటే యంత్రాన్ని బాగా కళ్లకు కడతాయి.

7. ఆయుధం లేకుండా ఒకసారి నడిపించి చూడండి

శత్రువును ప్రవేశపెట్టక ముందే, శ్రావణమాసపు వర్షంలో మీ యంత్రాన్ని అమలాపురం నుంచి అంతర్వేదికి తీసుకువెళ్లే ప్రయాణాన్ని రెండు పేజీలు రాయండి. పటం ముందు పెట్టుకుని, ఏ కాలువను ఎక్కడ దాటుతుందో, ఏ కరెంటు తీగలను ఎవరు ముందుగా తప్పిస్తారో, రాత్రి ఏ మెరక మీద నిలుస్తుందో గుర్తించండి. దారిలో వైనతేయ అడ్డు వస్తుంది. వంతెన ఆ బరువును మోయదనుకుంటే యంత్రం నీళ్లలోకి దిగాలి, లేదా పంట్లను (బల్లకట్టు పడవలను) జతకట్టి దాటించాలి. నీళ్లలోకి దిగేటట్లయితే నది అడుగున ఇసుక ఉందో బురద ఉందో సరంగు చేత ముందుగా గడ వేయించి చూపించండి. ఆ దాటడం కాగితం మీద కుదిరిన తరువాత శత్రువు సముద్రం వైపు నుంచి వస్తాడో, కోరంగి మడ అడవుల చాటు నుంచి వస్తాడో నిర్ణయించి, ఆయుధాలు గీయడం మొదలుపెట్టండి.