సంక్రాంతి ఆటలకు ముందు స్తంభం మొదలు చూడండి, రంగు తర్వాత

2025 నవంబరులో హర్యానాలో రెండు మూడు రోజుల తేడాలో ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఒకరు బహదూర్‌గఢ్‌లో, ఇంకొకరు రోహ్‌తక్ జిల్లా లఖన్ మజ్రాలో. ఇద్దరిమీదా బాస్కెట్‌బాల్ స్తంభమే పడింది. మన ఊళ్లలో బాస్కెట్‌బాల్ తక్కువే. అంతమాత్రాన మనకు సంబంధం లేదనుకోవద్దు. వాలీబాల్ స్తంభం, కసరత్తు బార్, ఫుట్‌బాల్ గోల్, లైట్ల కంభం, అన్నీ అదే ఇనుప పైపు. అన్నీ మట్టిలోనే దిగి ఉన్నాయి. సంక్రాంతి పోటీలకు యువజన సంఘం చందా వేసి మొదట కొనేది రంగు డబ్బా. ఈ వ్యాసం ఆ డబ్బా గురించే.

తుప్పును చెక్కకుండా, మొదలు తవ్వి చూడకుండా స్తంభానికి రంగు వేయకండి. ఊరి మైదానాల్లో జరిగే తప్పుల్లో ఇంతకన్నా పెద్దది లేదు. రంగు వేశాక స్తంభం కొత్తదానిలా నిలబడుతుంది. పిల్లలు నమ్ముతారు, పెద్దలూ నమ్ముతారు. లోపల పైపు అప్పడంలా అయిపోయి ఉంటుంది.

మైదానం ఏ నేలమీద ఉందో ముందు తెలుసుకోండి

పూర్వం ఊరి ఆటస్థలం అంటే మందబయలు, సంతబయలు, లేదా కోతలయ్యాక ఖాళీగా పడున్న కళ్లం. చెడుగుడుకు గీత గీస్తే చాలు, పాతేది ఏమీ లేదు. వాలీబాల్ వచ్చాక రెండు సరుగుడు బాదులు పాతారు. కర్రకు ఒక మంచి గుణం ఉంది: పుచ్చితే ఒరుగుతుంది, ఊరికంతా కనపడుతుంది. ఇనుప పైపు అలా కాదు. పడే రోజుదాకా నిటారుగానే ఉంటుంది.

తెలంగాణలో 2022 జూన్ 2న మొదలైన క్రీడా ప్రాంగణాలతో ఊరూరా బార్‌లు, వాలీబాల్ స్తంభాలు వెలిశాయి. ఎకరం స్థలం దొరకని చోట చెరువు శిఖం (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేల) పక్కనో, ఊరి చివరి గుంటను పూడ్చో సర్దారు. ఆంధ్రలో 2023 డిసెంబరు 26న మొదలైన ‘ఆడుదాం ఆంధ్ర’ కోసం పాత బడి మైదానాలనే చాలాచోట్ల సర్ది వాడారు. కాబట్టి నేల చరిత్ర అడగండి. శిఖం నేలలో వానాకాలమంతా మొదలు నీళ్లలో నానుతుంది. పూడ్చిన గుంటలో మన్ను కుంగి, స్తంభాన్ని పట్టుకున్న కాంక్రీటు దిమ్మె వదులవుతుంది. రేగడి వేసవిలో బీటలిచ్చి, వానకు ఉబ్బి, దిమ్మెను పక్కకు నెడుతుంది. కోనసీమలాంటి తీరప్రాంతంలో ఉప్పుగాలి అదే పైపును ఇంకా త్వరగా తినేస్తుంది. పాటిదిబ్బను (పాత ఊరి దిబ్బను) చదును చేసిన చోటైతే గాజుపెంకులు, ఇనుప ముక్కలు ఏటేటా పైకి తేలతాయి.

మొదలు పరీక్ష

పైపు పుచ్చేది నేల మట్టం దగ్గరే. అక్కడ తడి ఉంటుంది, గాలీ తగులుతుంది. కుక్కలు కాలెత్తేదీ అక్కడే. కాంక్రీటు దిమ్మె పైభాగం గుంటలా ఉంటే నీళ్లు పైపు చుట్టూ నిలుస్తాయి. ఇంకో దారి కూడా ఉంది. పైపు పైకొనకు మూత లేకపోతే వాన లోపలికి దిగి అడుగున చేరుతుంది. లోపలినుంచి వచ్చే తుప్పుకు బయటి రంగు ఏ విధంగానూ అడ్డు కాదు.

1. మొదలు చుట్టూ అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టి తీయండి. దిమ్మె తగిలితే అక్కడ ఆపి, దాని పైభాగం శుభ్రం చేయండి.
2. వైర్ బ్రష్‌తో మెరిసే ఇనుము కనపడేదాకా గీకండి. రేకుల్లా ఊడుతుంటే అప్పుడే అనుమానించండి.
3. అరకిలో సుత్తితో ఛాతీ ఎత్తునుంచి కిందికి తట్టుకుంటూ రండి. ఖంగుమనే మోత డొక్కుగా మారిన చోట లోహం పలచబడింది, లేదా నీరు నిలిచింది.
4. ఆ చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. సొట్టపడినా, దిగినా ఆ స్తంభం పని అయిపోయినట్టే.
5. గట్టిగానే ఉందనిపిస్తే పైకొనకు తాడు కట్టి, స్తంభం ఎత్తుకు రెండింతల దూరం నుంచి ఇద్దరు పదిసార్లు లాగి వదలండి. మూడో మనిషి కూడా దూరం నుంచే దిమ్మె అంచు చూడాలి. సన్నని సందు తెరుచుకుని మూసుకుంటుంటే దిమ్మె వదులైంది.

ఈ ఐదూ అయ్యాకే తుప్పును ఆపే రెడాక్సైడ్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు. ముందు కాదు.

పలచబడ్డ చోట రేకు ముక్క పెట్టి అతుకు వెల్డింగ్ చేయించకండి. పలచని లోహం వెల్డింగ్ వేడికి కరిగి చిల్లులు పడుతుంది. అతుకు తుప్పునే పట్టుకుని ఉంటుంది. పాత దిమ్మెలో మిగిలిన మొండిపైపులోకి చిన్న పైపు దూర్చి నిలబెట్టడం అంతకన్నా ప్రమాదం. ‘ఆడరాదు’ అని బోర్డు పెట్టి వదిలేయడమూ కుదరదు, పిల్లలు మొదట ఎక్కేది ఆ స్తంభమే. ఆ రోజే కోసి పడుకోబెట్టండి. మొండిపైపు నేలపైకి మిగలకూడదు.

బాస్కెట్‌బాల్ రింగు సంగతి వేరే. రింగు స్తంభానికి దూరంగా ముందుకు చాచి ఉంటుంది. 60 కిలోల కుర్రాడు దానికి వేలాడి ఊగితే పడే బలం అతని బరువును మించి, మొత్తం మొదలు దగ్గర విరుస్తుంది. దీని దిమ్మె కొలత తాపీమేస్త్రీ అంచనాతో వేసేది కాదు. పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) లెక్క కట్టాలి. వేలాడటం అసలు వద్దు, కొత్త స్తంభమైనా సరే.

కొత్తది పాతేటప్పుడు

వాలీబాల్ స్తంభం నేలపైన 2.55 మీటర్లు, లోపల కనీసం 3 అడుగులు. పక్కగీతకు అర మీటరు నుంచి మీటరు బయట ఉండాలి. 3 అంగుళాల మందపాటి జీఐ (జింకు పూత) పైపు తీసుకోండి, పందిరికి వాడే పలచనిది కాదు. గుంట 2 అడుగుల చదరం. కాంక్రీటు 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర). రాళ్లూ మట్టీ కూరి పైన సిమెంటు పూయడం మోసం. దిమ్మె నేలకన్నా 2 అంగుళాలు ఎత్తుగా, నీళ్లు బయటికి జారేలా వాలుగా ఉండాలి. పైకొనకు మూత వెల్డింగ్ చేయించండి.

వారం రోజులు తడపండి. వారానికి కాంక్రీటుకు వచ్చే బలం మూడింట రెండు వంతులే. పూర్తి బలానికి 28 రోజులు. అంటే సంక్రాంతికి వల కట్టాలంటే డిసెంబరు రెండో వారానికల్లా దిమ్మె పోసి ఉండాలి. ఆ తేదీ దాటిందా? ఈ ఏటికి సరుగుడు బాదులే 3 అడుగుల లోతున పాతుకోండి. పరువు ఏమీ పోదు.

బిల్లులో రంగు డబ్బాలు కనపడతాయి, ఫొటోలో రంగు కనపడుతుంది. గుంటలో ఏం పోశారో ఎవరూ అడగరు. పంచాయతీ కార్యదర్శి ఫొటో తీయాల్సింది రిబ్బన్ కత్తిరింపును కాదు, తవ్విన మొదలును. ప్రతి స్తంభానికీ తేదీతో ఒకటి.

ఇక మిగిలినవి

లైట్లకు తీగమీద కొక్కెం వేయొద్దు. తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, రోజూ ఆట మొదలుకాకముందు దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

వైరు అతుకులు నేలమీద ఉండకూడదు. మంచుకు గడ్డి తడుస్తుంది.

ఇనుప లైట్ కంభానికి ఎర్త్ వేయండి. దాని మొదలు కూడా తవ్వి చూడండి. అది కూడా పైపే.

11 కేవీ తీగ కింద జెండా కర్ర, బ్యానర్ పైపు లేపకండి.

వల బిగించడానికి స్టీలు తీగ, రాచెట్ వాడి స్తంభాలను లోపలికి వంచకండి. ఆట అయ్యాక వల వదులు చేయండి, రాత్రంతా లాగి ఉంచితే దిమ్మె కదులుతుంది.

కబడ్డీ కోర్టు 13 × 10 మీటర్లు, ఆడపిల్లలకు 12 × 8. మట్టిని జల్లెడ పట్టండి. చేత్తో ఏరితే చాలదు.

లాంగ్‌జంప్ గుంటలో ఇసుక అడుగు లోతు ఉండాలి. ప్రతి ఉదయం తిరగదోడాలి. రాత్రి సీసాలు అందులోనే పడతాయి.

ఫుట్‌బాల్ గోల్ కదిలేదైతే నేలకు బిగించకుండా నిలబెట్టకండి. ఆట లేనప్పుడు పడుకోబెట్టండి.

రోలర్‌ను వాలులో లాగకండి, దానిపై పిల్లలను కూర్చోబెట్టకండి.

ప్రహరీ గోడమీద జనాన్ని ఎక్కనివ్వకండి. ఒక్క ఇటుక వరస గోడ పదిమందిని మోయదు.

మైదానం పక్కన పాడుబడ్డ బోరు గుంట ఉంటే మూత వెల్డింగ్ చేయించండి. బండరాయి పెట్టడం మూత కాదు.

గేటు కూడా ఊపి చూడండి. అది నిలబడ్డదీ పైపుల మీదే.

రంగు డబ్బా తాళం వేసి పెట్టండి. తాళం ఎవరి దగ్గరుందో వారు ముందు గడ్డపార తేవాలి. మొదలు తవ్వాక, గీకాక, సుత్తితో తట్టాక, తాడుతో లాగాక డబ్బా మూత తీయండి.