పిల్లల్ని స్టేజీ ఎక్కించే ముందు: ఒడిశా సరిహద్దు ఊళ్ల కళాకారులకు

మొట్టమొదట కరపత్రం సంగతి చూడండి. దాని మీద గానీ ఫ్లెక్సీ మీద గానీ పిల్లవాడి పేరు, ఫొటో వేయనివ్వకండి. పేరు పడిందంటే అది కమిటీకి మీరు రాసిచ్చిన ప్రోనోటు. "మీవాడి పాట కోసమే జనం కూచున్నారండీ" అంటూ రాత్రి తొమ్మిదిన్నరకు గ్రీన్‌రూమ్‌లో చాప మీద నిద్రపోతున్న వాణ్ణి లేపమంటారు. పేరు లేకపోతే, పాడితే జనానికి కొసరు, పాడకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. కింద చెప్పినవన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి: పిల్లల భాగం మొత్తం తీసేసినా కార్యక్రమం కుంటుపడకుండా ముందే అల్లుకోవాలి.

బరంపురం, పర్లాఖిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్లలో పేరున్న కళాకారుడంటే సినిమా నటుడే కానక్కర్లేదు. ఊరూరా హరికథ చెప్పే భాగవతారు, ఆర్కెస్ట్రాలో పాడే గాయని, నాట్యం నేర్పే మాస్టారు, ఎవరైనా సరే. ఫ్లెక్సీ మీద బొమ్మ పడ్డాక "మీ అమ్మాయిని కూడా తీసుకురండి" అన్న మాట రాకుండా ఉండదు. తీసుకెళ్లొచ్చా అంటే, తీసుకెళ్లొచ్చు. తండ్రి మృదంగం వాయిస్తూ తరంగాలనే కృష్ణ కీర్తనలు పాడుతుంటే చిన్నారి ఘంటసాల వాటికి నాట్యం చేసేవారు. మాండొలిన్ శ్రీనివాస్ తొలి కచేరీ 1978లో, తొమ్మిదో ఏట. మహేష్‌బాబు సంగతి మరోలా జరిగింది. బాలనటుడిగా తండ్రి పక్కన తెర మీద కనిపించి, 1990 తర్వాత చదువు కోసం ఆపేసి, మళ్లీ 1999లో కథానాయకుడిగా వచ్చాడు. మధ్యలో ఆపడానికి వీలుండటం కూడా ఏర్పాటులో భాగమేనని మా అభిప్రాయం.

ఎంత వయసుకు ఎంతసేపు

అయిదేళ్ల లోపు వాళ్లకు అంశం పెట్టకండి. వచ్చి దండం పెట్టి వెళ్లిపోతే చాలు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒక్క పాట, మూడు నాలుగు నిమిషాలు. ఎనిమిది దాటాక రెండు అంశాలు, మొత్తం కలిపి పది నిమిషాలకు మించకుండా. ఇవి చట్టంలో రాసిన అంకెలు కావు, మా కొలత. పన్నెండు పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. అప్పుడు పాత పాటను పాత శ్రుతిలో పాడించి నవ్వులపాలు చేయకుండా తాళమో హార్మోనియమో చేతికివ్వండి.

పిల్లల అంశం ప్రార్థన అయిన వెంటనే రావాలి, పెద్దల ప్రసంగాలకు ముందు. జాతర స్టేజీ మీద ఏడున్నర అన్నది ఎనిమిదిన్నర అవుతుంది. ఆ తర్వాత శాలువాలు, జ్ఞాపికలు. ఈ వరసను కమిటీతో నోటిమాటగా వదిలేయకుండా అడ్వాన్సు తీసుకునే కాగితం మీదే రాయించండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండుగలకు రాష్ట్రం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఆ సడలింపు మీ కథకు వాడుకోండి, పిల్లలకు వద్దు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఎండాకాలం ఒడిశాలో బడులు పొద్దున్నే పెడతారు. గుణుపురంలో కార్యక్రమం ముగించుకుని ఒంటిగంటకు ఇల్లు చేరితే ఆ నిద్ర ఎక్కడి నుంచి తెస్తారు? మర్నాడు సెలవు కాకపోతే ఒప్పుకోకండి.

శ్రుతి దగ్గరే ఎక్కువ తప్పులు

నాన్న శ్రుతి ఒకటి అనుకుందాం. కూతురి గొంతుకు హాయి అయిదు, అయిదున్నర. (అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు.) ఇద్దరూ కలిసి పాడాలని పిల్లను ఒకటి శ్రుతికి దింపితే మంద్రంలో, అంటే కింది స్థాయిలో, గొంతు వినబడదు. పై స్థాయికి వెళ్లమంటే మెడ నరాలు ఉబ్బి అరుస్తుంది. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు, గొంతు మర్నాడు బొంగురుపోతుంది.

చేయాల్సింది ఇది. పిల్ల పాడే అంశానికి హార్మోనియాన్ని నాలుగుకు మార్చండి. తండ్రి ఒకటి శ్రుతిని 'స' అనుకుంటే ఇది మధ్యమం, అంటే 'మ'. మృదంగాన్ని మళ్లీ కట్టుకోనక్కర్లేదు, ఎందుకంటే ఒకటికి కట్టిన మృదంగం నాలుగు శ్రుతికి పంచమంగా, అంటే 'ప'గా పలికి చక్కగా అతుకుతుంది. అయిదుకు వెళ్తే ఆ వెసులుబాటు పోతుంది. అదే మృదంగం అప్పుడు మధ్యమంలో మోగుతూ పాటతో పొసగదు, కాబట్టి హెచ్చు శ్రుతి మృదంగం ఇంకొకటి వెంట తెచ్చుకోవాలి. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అతను శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే సరిపోతుంది. ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ మీద పాడేవాళ్లు మాత్రం శ్రుతిని ఒకటి రెండు స్వరస్థానాలకు మించి జరపకండి. అంతకు మించితే వాద్యాలన్నీ రేకుడబ్బాల్లా మోగుతాయి.

ఇంట్లో పరీక్ష తేలిక. ఒకే పూట పాటంతా మూడుసార్లు పాడించండి. మూడోసారికి గడ్డం పైకి లేపి పాడుతుంటే అర శ్రుతి తగ్గించండి. బొంగురు రెండు వారాలు దాటితే ప్రాక్టీసు ఆపి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. అరిచే పిల్లలకు స్వరతంతువుల మీద కాయలు కట్టడం మామూలే.

మన వైపు పిల్లలకే వచ్చే చిక్కు ఇంకొకటుంది. ఒడియా మీడియంలో చదివే పిల్లలకు పాటను ఒడియా లిపిలో రాసిస్తాం. ఒడియాలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు, ఒక్కొక్క అక్షరమే ఉంది. దాంతో 'వెల' కాస్తా 'వేల' అవుతుంది, 'కొడుకు' 'కోడుకు' అవుతాడు, చివరికి 'తెలుగు' కూడా 'తేలుగు'. పైగా ఒడియాలో మామూలు హల్లుకు చివర 'ఒ' ఛాయ ఉంటుంది కనుక 'రామ' అన్నది 'రామొ'లా జారుతుంది. బరంపురం సభలో ముందు వరస తాతలు దీన్ని పట్టేసి ముసిముసిగా నవ్వుతారు, పిల్లకు ఎందుకో అర్థం కాదు. మందు ఏమిటంటే, ముందు పుస్తకం లేకుండా వినిపించి నేర్పండి. తర్వాతే కాగితం ఇవ్వండి. ఆ కాగితం మీద పొట్టిగా పలకాల్సిన ఎ, ఒ అక్షరాల నెత్తిన ఎర్ర సిరాతో చుక్క పెట్టండి. పది రోజుల్లో నోరు తిరుగుతుంది.

మైకు, చప్పుడు, కరెంటు

కార్డ్‌లెస్ మైకు పావు కిలోకు పైనే బరువు ఉంటుంది. ఆరేళ్ల చేతికి అది బరువే. అందుకే పిల్లలు రెండు చేతులా మైకు మూతి జాలీ దగ్గర పొదివి పట్టుకుంటారు, వెంటనే కీచుమంటుంది. ఇంట్లో అప్పడాల కర్ర ఇచ్చి అలవాటు చేయండి: నడుమ పట్టుకోవాలి, గడ్డానికి నాలుగు వేళ్ల దూరం, చేయి కిందికి దించినప్పుడు మైకు మూతి ముందున్న మానిటర్ బాక్సు (పాడేవాళ్లకు వినిపించడానికి పెట్టే స్పీకరు) వైపు తిరగకూడదు. ఇంకా మంచిది స్టాండు మైకు, పిల్ల నోటి ఎత్తుకు బిగించి. పిల్ల తన చోటికి వచ్చి నిలబడే దాకా ఆ చానల్ మూసే ఉంచమని సౌండు అతనికి చెప్పండి.

చప్పుడు లెక్క చాలామందికి తెలియదు. 85 డెసిబెల్స్ చప్పుడును పెద్దవాళ్ల చెవి రోజుకు 8 గంటలు ఓర్చుకుంటుందని కొలత. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది: 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 100 అయితే పావుగంట. జాతర బాక్సుల ముందు 100 దాటడం పెద్ద విషయం కాదు. పైగా నేల మీద పెట్టిన బాక్సు మీ నడుముకు వస్తే పిల్ల చెవికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. తన వంతు వచ్చే దాకా చెవుల మీద చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్స్ పెట్టి, బాక్సుల వెనక వైపు కూచోబెట్టండి. దూది పెడితే చాలనుకోకండి, దాని వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు.

కరెంటు విషయంలో మొహమాటం వద్దు. జనరేటరుకు ఎర్త్ కట్టకుండా నడిపే స్టేజీలు బోలెడు. కాళ్లకు గజ్జెలు, చెప్పులు లేవు, వాన పడి తివాచీ తడి, చేతిలో ఇనుప స్టాండు. పిల్ల ఎక్కే ముందు టెస్టరు మైకు జాలీకి, స్టాండుకు తాకించి చూడండి. కొంచెం వెలిగినా సరి చేసే దాకా ఎక్కించకండి. స్టేజీ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చి) ఉందా అని అడగండి, దాని మీది టెస్ట్ బటన్ నొక్కించి కరెంటు తెగుతుందో లేదో చూడండి. పిల్ల నిలబడే చోట రబ్బరు మ్యాట్ వేయండి.

గజ్జెలు పిల్లలకు కాలికి పాతిక నుంచి యాభై లోపు చాలు. వంద కట్టిస్తే మడమలు నొప్పి. గంజాంలో ప్రహ్లాద నాటకం ఆడే మెట్ల వేదిక లాంటిది అయితే ముందు రోజు వెలుతురులోనే ఎక్కి దిగడం నేర్పించి, ప్రతి మెట్టు అంచునా తెల్ల టేపు అంటించండి. ఎదురుగా లైటు కొడితే అంచు కనబడదు.

స్టేజీ మీద మీరు అమ్మానాన్నలు కారు

కథ చెబుతున్న తండ్రి బిడ్డను కనిపెట్టలేడు, ఇది ఒప్పుకోండి. పిన్నో, మేనమామో, ఇంకే పనీ లేని ఒక్క పెద్ద మనిషి పక్క తెర వెనక నిలబడాలి. ఫోన్లో వీడియో తీసే బాధ్యత కూడా వారికి పెట్టకండి. తీస్తూ ఉంటే కళ్లు తెర మీద ఉంటాయి, పిల్ల మీద కాదు.

సైగ ఒకటి నేర్పించండి. నాన్న ఉత్తరీయం కొస రెండుసార్లు లాగితే 'నేను వెళ్తా' అని అర్థం. ఎందుకు అని అడగకూడదు, "ఇంకొక్క చరణం, నాన్నా" అని బుజ్జగించకూడదు. హార్మోనియం ఆగదు, మీరు ఆ పంక్తిని అందుకుంటారు, పిన్ని చేయి చాస్తుంది, పిల్ల వెళ్లిపోతుంది. దీన్ని పాటతో సమానంగా రిహార్సల్ చేయాలి, కనీసం మూడుసార్లు, అందులో ఒకసారి పాట మొదలైన పది క్షణాలకే. రిహార్సల్ లేకపోతే ఏం జరుగుతుందో ఎప్పుడూ ఒకటే: పిల్ల గడ్డకట్టుకుపోతుంది, తండ్రి మైకులో జోకు వేస్తాడు, జనం నవ్వుతారు, పిల్ల ఏడుస్తుంది.

చదివింపుల దగ్గర మరో ముల్లు. పిల్ల పాడుతుండగానే అభిమానులు ఎక్కి వంద నోటు చొక్కాకు పిన్నీసుతో గుచ్చుతారు. ముద్దు పెడతారు, బుగ్గ గిల్లుతారు. ప్రేమే, కాదనం. స్టేజీ కింద ఒక పళ్లెం పెట్టి, "పిల్లలకు ఇచ్చేది పళ్లెంలో వేయండి, పైకి రావద్దు" అని పాట మొదలవక ముందే ప్రకటించండి. యాంకరు నోట బడి పేరు, వీధి పేరు రాకూడదు. ఆ ముక్క ఫేస్‌బుక్ లైవ్‌లో ఎన్నేళ్లయినా ఉంటుంది. "గుంటడు తండ్రిని మించిపోయాడు" అనే మాట కూడా వద్దని ముందే చెప్పి ఉంచండి. అది విన్న ఎనిమిదేళ్లవాడు మరుసటి సభలో తప్పు పోతే దాక్కుంటాడు.

టికెట్టు, కెమెరా ఉంటే

బడి వేళలు కాకుండా సరదాగా తల్లిదండ్రులతో పాడటం ఒకటి, డబ్బు తీసుకునే ప్రదర్శన మరొకటి. బాల కార్మిక చట్టం 1986 నాటిది, 2016లో సవరించారు, 2017లో నిబంధనలు వచ్చాయి. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు వాళ్లను టీవీ, వీడియో చిత్రీకరణలోనో వాణిజ్య కార్యక్రమంలోనో పెట్టేవారు ఆ కార్యక్రమం జరిగే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఫారం సి నింపి హామీ ఇవ్వాలి. అనుమతి ఆరు నెలలు చెల్లుతుంది. 'జరిగే జిల్లా' అన్నది గుర్తుంచుకోండి. మీరు ఇచ్ఛాపురం వాళ్లయినా బరంపురంలో ప్రదర్శన అంటే ఛత్రపురం కలెక్టరేటుకు వెళ్లాలి. గుణుపురంలో అయితే రాయగడకు. పర్లాఖిమిడిలో అయితే కలెక్టరేటు ఆ ఊళ్లోనే. కాగితం పని నిర్వాహకుడిది, చేశాడో లేదో చూసుకోవడం మీది. రోజుకు 5 గంటలకు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలకు మించకూడదు, వరుసగా 27 రోజులు దాటకూడదు. అయిదుగురు పిల్లలకు మించి ఒక్క బాధ్యుణ్ణి పెట్టకూడదు.

సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా నేరుగా పడాలి, మేజర్ అయ్యాక వాళ్లకే అందాలి. ఇది చట్టం. పళ్లెంలో పడ్డ చదివింపులు కూడా మొత్తం అందులోనే వేయండని మేమంటాం. ఇంటి ఖర్చుకు ఆ డబ్బు ఒకసారి అలవాటైతే ఉత్తరీయం సైగ ఎవరికీ కనబడదు.

మర్నాడు వీడియో వెంటనే పెట్టి తప్పులు చూపించకండి. మళ్లీ ఎప్పుడు వెళ్దాం అని పిల్లే అడిగేదాకా ఆగండి. అడగలేదా, వచ్చే సభలో పిల్ల అంశం ఉండాల్సిన చోట మీరే ఒక పాట పాడేలా ఉంచుకోండి. నాలుగు శ్రుతి వద్దని హార్మోనియం ఆయనకు ముందురోజే ఫోన్ చేసి చెప్పండి.