అరవై దాటాక కొరియన్ డ్రామాలు మొదలుపెట్టడం ఎలా?

కొరియన్ డ్రామాలంటే కాలేజీ పిల్లలు చూసేవి, మనకెందుకులే అనుకునే పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను. నేను నల్లగొండలో ఉంటాను, రిటైరయ్యాను. తెలుగు సీరియల్లో ఒక్క నిజం బయటపడటానికి ఆర్నెల్లు పట్టడం చూసి చూసి విసుగొచ్చి ఇటు తిరిగాను, ఇప్పుడు మా వాడకట్టులో ఇంకొందరికి కూడా అంటించాను. వాళ్లలో మధ్యలో వదిలేసినవాళ్లూ ఉన్నారు. అయితే కథ నచ్చక మానేసినవాళ్లు నాకు కనబడలేదు. అక్షరాలు కనబడక, పేర్లు గుర్తుండక, మనవడు పెట్టిచ్చిన మొదటి డ్రామానే నెత్తురు మయం కావడం వల్ల మానేశారు. ఈ మూడూ ముందే చూసుకుంటే మిగతాది దానంతటదే నడుస్తుంది.

ముందు భాష సంగతి తేల్చుకోండి

తెలుగు డబ్బింగ్ ఉన్నవి ఇప్పుడు కొన్ని దొరుకుతున్నాయి. అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్ అనే యాప్‌లో విదేశీ సీరియళ్లను హిందీ, తెలుగు, తమిళంలోకి మార్చి ఉచితంగా పెడుతున్నారు, మధ్యలో యాడ్స్ వస్తాయి, అంతే. నెట్‌ఫ్లిక్స్‌లో కూడా కొన్నింటికి తెలుగు ఉంది, కానీ అన్నింటికీ లేదు. అందుకే ఏ డ్రామా అయినా మొదలుపెట్టే ముందు ఆడియో, సబ్‌టైటిల్స్ (తెర కింద కనబడే అక్షరాలు) అనే చోటికి వెళ్లి ఏ భాషలున్నాయో చూడండి.

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల పెద్దవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఉర్దూ, హిందీ మన చెవికి కొత్త కాదు. బజార్లో, ఆఫీసులో, బస్టాండులో వింటూ పెరిగాం. కాబట్టి తెలుగు లేకపోతే హిందీ డబ్బింగ్ పెట్టుకోండి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో కుస్తీ పట్టడం కన్నా చాలామందికి ఇదే హాయి. అసలు ఇరవై ఏళ్ల కిందటే దూరదర్శన్ ఒక కొరియన్ సీరియల్‌ను 'ఘర్ కా చిరాగ్' పేరుతో హిందీలో వేసింది. దాని సంగతి కింద చెబుతాను.

ఒక జాగ్రత్త. హిందీ మాటలు వింటూ కింద ఇంగ్లిష్ అక్షరాలు కూడా పెట్టుకుంటే రెండూ కలవవు, ఎందుకంటే మాటలు రాసింది ఒకరు, అక్షరాలు రాసింది ఇంకొకరు. పెదవుల కదలికకు సరిపోవాలని డబ్బింగ్‌లో వాక్యాన్ని కుదిస్తారు కూడా. వినేది ఒకటి, చదివేది ఒకటి అయ్యేసరికి తలనొప్పి వస్తుంది. ఏదో ఒకటే పెట్టుకోండి. చెవి కొంచెం మందమైతే భాష పేరు పక్కన సీసీ అని ఉన్న సబ్‌టైటిల్స్ ఎంచుకోండి, అందులో తలుపు చప్పుడు, ఫోన్ మోగడం లాంటివి కూడా రాసి ఉంటాయి.

నా మటుకు నాకు అసలు గొంతులతో చూడటమే ఇష్టం. ఏడుపు డబ్బింగ్‌లో సగం పోతుంది. కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది, కళ్లు తెర మీదే ఉండాలి. తెలుగు సీరియల్ అయితే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, మధ్యలో లేచి కూర కలుపుతూ చూసేయొచ్చు, సబ్‌టైటిల్స్‌తో అది కుదరదు, రెండు నిమిషాలు తల తిప్పితే ఎవరు ఎవర్ని క్షమించారో తెలియదు. అందుకని వంట టైముకు డబ్బింగ్‌ది, మధ్యాహ్నం తీరిగ్గా కూర్చున్నప్పుడు సబ్‌టైటిల్స్‌ది, ఇలా రెండు వేర్వేరు డ్రామాలు నడపండి.

అక్షరాలు, అద్దాలు

నెట్‌ఫ్లిక్స్‌లో సబ్‌టైటిల్స్ సైజు పెంచుకోవచ్చు. ఈ సెట్టింగ్ ఒక్కోచోట ఒక్కోలా దాక్కుని ఉంటుంది కాబట్టి ఇంట్లో చిన్నవాళ్లతో ఒకసారి చేయించుకోండి. పెద్ద సైజు, తెల్ల అక్షరం, వెనక నల్ల పట్టీ పెట్టించుకోండి. పట్టీ లేకపోతే మంచు కురిసే సీన్లో తెల్ల అక్షరాలు మాయమైపోతాయి, కొరియా వాళ్లకేమో మంచులో ప్రేమ చెప్పుకోకపోతే కథ ముందుకు సాగదు.

బైఫోకల్ అద్దాలున్నవాళ్లు మంచం మీద వాలి టీవీ చూస్తే అక్షరాలు మసకగా కనిపిస్తాయి. కళ్లు పాడయ్యాయని కంగారు పడొద్దు. వెనక్కి వాలినప్పుడు మన చూపు అద్దం కింది భాగంలోంచి పోతుంది, అదేమో దగ్గరి చదువుకు చేసిన భాగం. నిటారుగా కూర్చుని చూడండి, సరిపోతుంది. కూర్చున్నా మసకే అయితే అప్పుడు కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఫోన్లో చూడొద్దని నా గట్టి సలహా. నెట్‌ఫ్లిక్స్ 2021 చివర్లో రేట్లు తగ్గించినప్పుడు మొబైల్ ప్లాన్ 149 రూపాయలైంది, చవకే, కానీ అది ఫోన్లో, ట్యాబ్‌లో తప్ప టీవీలో రాదు. అరవై దాటిన కళ్లకు అది దండగ. కొనేముందు టీవీలో వస్తుందా అని అడిగి, అప్పుడున్న రేటు చూసుకుని తీసుకోండి. మీతో ఒకే ఇంట్లో ఉండే కొడుకో కోడలో కట్టే అకౌంట్ ఉంటే అందులో మీ పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టించుకోండి, లేకపోతే మీరు చూసే ముసలమ్మల కథలు వాళ్లకూ, వాళ్లు చూసే హత్యలు మీకూ వస్తుంటాయి. ఎవరో పంపిన లింకు నొక్కి ఉచితం అని చెప్పి యాప్‌లు మాత్రం ఎక్కించుకోవద్దు, బ్యాంకు డబ్బులున్న ఫోన్ అది.

మొదటి డ్రామా ఏది?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పేరు మోగింది కదా అని 'స్క్విడ్ గేమ్'తో మొదలుపెట్టొద్దు. బాగా తీశారు, కాదనను, కానీ నెత్తురు ఎక్కువ, కొరియా అంటే ఇదేనేమో అనుకుని మా పక్కింటక్క మొదటి ఎపిసోడ్‌లోనే టీవీ ఆపేసింది. ఒక తేడా తెలుసుకోండి. కొరియాలో టీవీ ఛానళ్ల కోసం తీసే డ్రామాల్లో సిగరెట్‌ను, కొన్నిసార్లు కత్తిని కూడా మసక చేసేస్తారు, ముద్దు సీను కూడా ఏ పదో ఎపిసోడ్‌లోనో వస్తుంది. నేరుగా ఓటీటీ (నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు) కోసం తీసేవాటికి, సినిమాలకు ఆ కట్టుబాటు లేదు. మనవరాలితో కలిసి కూర్చుని చూడాలంటే టీవీ ఛానల్ డ్రామా తీసుకోండి, యాప్‌లో యూ/ఏ పక్కన ఎంత వయసు అంకె ఉందో కూడా చూడండి.

మీకు ఏ రకం కథ ఇష్టమో దాన్నిబట్టి ఎంచుకోవాలి. రాజుల కథలు, అంతఃపుర కుట్రలు నచ్చేవాళ్లకు 'జ్యువెల్ ఇన్ ది ప్యాలెస్'. దూరదర్శన్‌లో వచ్చిందని చెప్పింది దీని గురించే. 2003లో మొదలైంది, 54 ఎపిసోడ్లు, రాజు వంటశాలలో చేరిన ఒక అనాథ పిల్ల చివరికి రాజుకే వైద్యురాలవుతుంది, జాంగ్‌గుమ్ అనే ఆ వైద్యురాలి పేరు జోసన్ రాజుల కాలం నాటి రికార్డుల్లోనే ఉంది. వంట సీన్లు చూస్తుంటే ఆకలేస్తుంది, చెబుతున్నాను ముందే.

పాత రోజులు, ఇరుగుపొరుగు కావాలంటే 'రిప్లై 1988'. సియోల్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది, ఒకే గల్లీలో ఉండే ఐదు కుటుంబాలు, సాయంత్రమైతే ఈ ఇంటి కూర ఆ ఇంటికి, ఆ ఇంటిది ఈ ఇంటికి పిల్లల చేతికిచ్చి పంపుతుంటారు. మనం కూడా చేసినపనే. ఇరవై ఎపిసోడ్లే కానీ ఒక్కోటి దాదాపు సినిమా అంత ఉంటుంది, మొదటి రెండింటిలో అరుపులు ఎక్కువ, ఓపిక పట్టండి.

మన వయసు కథే కావాలంటే 'నావిల్లేరా', 2021లో వచ్చింది, 12 ఎపిసోడ్లే. డెబ్బై ఏళ్ల రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ ఇప్పుడు బ్యాలే డాన్స్ నేర్చుకుంటానంటాడు, ఇంట్లో వాళ్లు వద్దంటారు. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. 2025లో వచ్చిన 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' జెజు ద్వీపంలోని ఒక జంట జీవితమంతా చెబుతుంది, కథానాయిక తల్లి సముద్రంలో మునిగి శంఖాలు, నత్తలు ఏరుకొచ్చే మనిషి. పిల్లల్ని ఊళ్లో వదిలి బతుకుదెరువుకు బొంబాయి, హైదరాబాద్ పోయినవాళ్లున్న పాలమూరు ఇళ్లలో ఇది చూస్తే కళ్ల నీళ్లు ఆగవు. అందుకే దీన్ని మొదటిదిగా కాకుండా మూడోదో నాలుగోదో పెట్టుకోండి.

మామూలుగా ఒక డ్రామా 16 ఎపిసోడ్లు, ఒక్కోటి గంటా పది నిమిషాలు అనుకుంటే 18, 19 గంటల్లో కథ అయిపోతుంది. రెండు ఎపిసోడ్ల దాకా చూసి నచ్చకపోతే మొహమాటం లేకుండా మానేయండి.

పేర్లు, ముఖాలు

అందరూ ఒకేలా ఉన్నారనేది మొదట్లో ప్రతి ఒక్కరూ అనే మాట. నాలుగైదు ఎపిసోడ్లకు అది పోతుంది. పేర్లది మాత్రం నిజంగానే ఇబ్బంది, ఆ దేశంలో కిమ్, లీ, పార్క్ ఈ మూడు ఇంటిపేర్లే దాదాపు సగం మందికి ఉంటాయి. మనలాగే వాళ్లకూ ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత. అంటే మొదటి ముక్క వదిలేసి వెనక రెండు ముక్కలు పట్టుకోండి. ఒక నోట్‌బుక్‌లో మొదటి రోజే ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకోండి. పేరు నోరు తిరగకపోతే మీరే పెట్టుకోండి, మేమైతే ఒకాయన్ని 'గొడుగాయన' అంటాం, డ్రామా అయిపోయేదాకా అదే పేరు.

ఇంకొన్ని సంగతులు తెలిస్తే కథ తడబడదు. మగపిల్లలకు సైన్యంలో ఏడాదిన్నర చుట్టూ తప్పనిసరి నౌకరీ ఉంటుంది, హీరో ఉన్నట్టుండి గుండు చేయించుకుని మాయమైతే అక్కడికే. నవంబర్‌లో జరిగే యూనివర్సిటీ పరీక్షకు ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు, ఎంసెట్ రోజులు గుర్తుకొస్తాయి. శరదృతువులో పౌర్ణమి నాడు చుసోక్ పండగకు సొంతూరికి పోయి పెద్దలకు వంటలన్నీ పెట్టి మొక్కుతారు, మన పెత్రామాస చూసినవాళ్లకు వివరించాల్సిన పనిలేదు. చలికాలం ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేరి బుట్టలకొద్దీ కిమ్చీ పెడతారు, మనం ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టినట్టే. వయసు లెక్క కూడా తమాషాగా ఉండేది, పుట్టగానే ఒక ఏడాది వేసేవాళ్లు, ప్రతి జనవరి ఒకటికి అందరికీ ఇంకో ఏడాది కలిపేవాళ్లు, 2023 జూన్‌లో చట్టం మార్చారు. పాత డ్రామాల్లో వయసు ఒక ఏడాదో రెండేళ్లో ఎక్కువ చెబితే అందుకే.

సినిమాల వైపు వెళ్లాలంటే

డ్రామాలు ఒకటి రెండు పూర్తయ్యాక సబ్‌టైటిల్స్ చదివే వేగం వస్తుంది, అప్పుడు సినిమాలు. ఇరాన్‌తో మొదలుపెట్టండి. 1997 నాటి 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' గంటన్నర కూడా ఉండదు, చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న, ఇద్దరూ ఒకే జత బూట్లతో బడికి పోవడం, అంతే కథ. మాటలు తక్కువ కాబట్టి చదవడం కూడా తక్కువే. తరవాత జపాన్ సినిమా 'టోక్యో స్టోరీ', 1953ది, నలుపు తెలుపు. చిన్న ఊరి నుంచి పిల్లల్ని చూడటానికి టోక్యో వచ్చిన ముసలి దంపతులకు అక్కడ కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, భర్త పోయిన కోడలు ఒక్కతే వాళ్లను పట్టించుకుంటుంది. నెమ్మదిగా ఉంటుంది, నిద్ర వస్తే ఆపి మర్నాడు చూడండి, తప్పేం లేదు. హైదరాబాద్‌లో కొడుకు ఫ్లాట్‌లో నెల రోజులుండి వచ్చినవాళ్లు దీన్ని ఒక్కసారికే అర్థం చేసుకుంటారు. నాలుగు ఆస్కార్లు గెలిచిన కొరియా సినిమా 'పారసైట్' బాగుంటుంది కానీ రెండో సగంలో హింస ఉంది, బీపీ ఉన్నవాళ్లు పగటిపూట చూడండి.

రాత్రి నిద్ర పాడుకాకుండా

ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయించండి. అది ఆన్‌లో ఉంటే ఒక ఎపిసోడ్ అవగానే తరవాతిది దానంతటదే మొదలవుతుంది, ప్రతి ఎపిసోడ్ చివర్లో ముడి పెట్టి వదలడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. నా పద్ధతి ఏమిటంటే ఎపిసోడ్ చివర ఆపను, తరవాతి ఎపిసోడ్ మొదటి పది నిమిషాలు చూసి అక్కడ ఆపుతాను, ముడి అప్పటికి విడిపోయి ఉంటుంది, హాయిగా పడుకోవచ్చు. కరెంటు, నెట్ పోయే ఊళ్లలో ఉంటే ట్యాబ్‌లోకి ముందే రెండు ఎపిసోడ్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

చూస్తూ తినాలనిపిస్తుంది, అది కూడా చెప్పేస్తాను. వాళ్లు పెద్ద గిన్నెలో ఊదుకుంటూ తినే రామ్యన్ నూడుల్స్ ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలోనూ అమ్ముతున్నారు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉందో లేదో చూసుకోండి, కొన్నింటిలో మాంసం పొడి కలుస్తుంది. ఉప్పు బాగా ఎక్కువ, కాబట్టి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మసాలా పొట్లంలో సగమే వేసుకుని ఆ నీళ్లు తాగకుండా వదిలేయండి, లేదంటే వాళ్లు రామ్యన్ తింటుంటే మీరు గుడాలు తినండి, అవే మేలు.